బీరువా వెనక తలుపు

తాతను ఊళ్లో అందరూ టేపు మాస్టారంటారు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పిన పాపాన పోలేదు. భవనాల ప్లాన్లకు అనుమతులిచ్చే ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, అన్నేళ్లూ చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఇనుప టేపు పెట్టుకు తిరిగినందుకు వచ్చిన బిరుదది. ఆ బరువుకు ఆయన చొక్కాలన్నిటికీ జేబు ఓ అంగుళం కిందికి దిగి ఉంటుంది. "లోకానికంతా కొలతలు చెప్తారు, మీ జేబు చూసుకోండి ముందు" అని అమ్మమ్మ ఇస్త్రీ చేసినప్పుడల్లా అంటుంది. తాతకు ఆ మాట వినపడదు. ఆయనకు ఏ చెవి ఎప్పుడు పనిచేయాలో బాగా తెలుసు.

రిటైరై ఆఫీసు వదిలాడు గాని పని వదల్లేదు. ఇంటి వసారాలో ఏటవాలు బల్ల ఒకటి వేసుకుని, ఇల్లు కట్టుకునేవాళ్లకు ప్లాన్లు గీసిపెడతాడు. గీసి ఊరుకుంటే ఆయన తాతెందుకవుతాడు. ఇంటి ముందు సిమెంటు చేసిన జాగాలో, సుద్దముక్కతో ఆ ప్లానును నిజం కొలతల్లో నేల మీద దింపి, కట్టుకోబోయే మొగుడూ పెళ్లాలను అందులో పది నిమిషాలు కాపురం చేయమంటాడు. చేసి బయటికొస్తేనే కాగితం మీద సంతకం.

ఒక రోజు లారీ డ్రైవరొకాయన, వాళ్లావిడ వచ్చారు. తాత గీతలన్నీ గీసి, నడుం పట్టుకుని లేచి, "ఇక లోపలికి రండి" అన్నాడు. డ్రైవరు తిన్నగా నడిచొచ్చేశాడు.

"అయ్యా, గోడలోంచి వస్తున్నారు. గుమ్మం అటుంది" అన్నాడు తాత.

డ్రైవరు తన కాళ్ల కేసి చూసుకుని, వెనక్కెళ్లి, చుట్టూ తిరిగి, సుద్దగీతల మధ్య ఖాళీలోంచి వచ్చాడు. వస్తూ తల కూడా కొంచెం వంచాడు, లేని గుమ్మం తగులుతుందేమోనని. వాళ్లావిడ అప్పటికే వంటగదిలో నిలబడి చేతులు చాపి చూసుకుంటోంది.

"పొయ్యి ఇక్కడేనా?"

"అక్కడే తల్లీ."

"అయితే నేను గిన్నె దించుకుని ఇటు తిరిగితే ఈయన మీద పడుతుంది."

"ఆయనక్కడ ఎందుకుంటాడు?"

"ఎప్పుడూ అక్కడే ఉంటాడండీ. ఏం వండావు, ఏం వండావు అంటూ."

వంటగది అడుగున్నర పెరిగింది. డ్రైవరుకు అక్కడే పేచీ వచ్చింది. చుట్టూ ఖాళీ వదలాలన్న రూలుంది కాబట్టి ఇల్లు బయటికి జరగదు, ఆ అడుగున్నర ఆయన పడకగదిలోంచే రావాలి.

"నా జాగాలో చివరికంటా కట్టుకోవడానికి ఎవడి అనుమతి కావాలి మాస్టారూ?"

"రోడ్డు మీద ముందు బండికి అతుక్కుని నడుపుతావా నువ్వు?"

"ఎందుకు నడుపుతాను? వాడు బ్రేకేస్తే?"

"పక్కింటికి నిప్పంటుకుంటే అదే బ్రేకు. ఆ ఎడం అందుకు."

డ్రైవరు పడకగదిలోకి వెళ్లి, తగ్గిన అడుగున్నర చూసుకుని, గుమ్మంలోంచే బయటికొచ్చాడు.

తాత రూళ్లు చెప్పే తీరే అంత. పుస్తకం తెరవడు. రూళ్ల పుస్తకం బల్ల కింద ఉంటుంది, బల్ల కాలు ఒకటి పొట్టిది కాబట్టి. రూలనేది పైనుంచి ఎవడో ఊడిపడి రాసింది కాదని, ఎక్కడో ఎవడో దెబ్బ తిన్నాక రాసిందని ఆయన నమ్మకం. మెట్లన్నీ ఒకే ఎత్తులో ఎందుకుండాలంటే, మూడు మెట్లెక్కాక కాలికి లెక్క అలవాటైపోతుంది, నాలుగోది అర అంగుళం పెరిగినా మూతి పళ్లు రాలతాయి. పిట్టగోడ కడ్డీల మధ్య సందు ఇంతకు మించకూడదని ఎందుకంటే, పిల్లల తల దూరుతుంది, చెవులు అడ్డుపడి వెనక్కి రాదు. ఈ రెండోది చెప్పేటప్పుడు తాత తన చెవులు తడుముకుంటాడు. చిన్నప్పుడు ఏదో జరిగే ఉంటుంది. అడిగితే మాత్రం చెప్పడు.

ప్లాన్లన్నీ ఒకటి కాదని కూడా ఆయనే చెప్తాడు. ఇంటి ప్లానులో ఊపిరి చూడాలట: కిటికీలెన్ని, వెంటిలేటరెక్కడ, వెలుతురెటు నుంచి. కొట్టు ప్లానులో దారి చూడాలి, కొనేవాడూ సరుకూ ఎదురెదురుగా వస్తే ఎవరు తప్పుకుంటారని. బడి ప్లానులో పరుగు చూడాలి. "పెద్దవాళ్లు నడుస్తారు, పిల్లలు పరిగెత్తుతారు. భయమేస్తే అందరూ ఒకే తలుపు మీద పడతారు. ఆ తలుపు లోపలికి తెరుచుకునేదైతే, వెనకవాళ్లు తోస్తుంటే ముందున్నవాడు దాన్నెలా లాగుతాడు?" అని అరచేతిని గాల్లో పెట్టి తోసి చూపిస్తాడు. అందుకని పిల్లలుండే చోట తలుపులు బయటికి తెరుచుకోవాలి, దారులు రెండుండాలి. ఈ రెండో దారి మాట గుర్తుపెట్టుకోండి. తాత కొంప ముంచింది అదే.

పిన్ని తాతకు ఆఖరి కూతురు. ఊరి అవతల ఒక డే కేర్‌లో ఐదేళ్లు పిల్లల్ని చూసుకుంది. మా వీధి చివర బట్టలు కుట్టే ఫ్యాక్టరీ వచ్చాక, అందులో పనికొచ్చే తల్లులు పిల్లల్ని ఎక్కడ వదలాలో తెలియక మిషన్ల పక్కనే గోనెపట్టాల మీద పడుకోబెట్టడం చూసి, ఉద్యోగం మానేసి వచ్చేసింది. మన ముందు హాలూ నడిమి గదీ ఇస్తే ఇక్కడే డే కేర్ పెడతానంది. పన్నెండు మంది తల్లులు అప్పటికే మాటిచ్చేశారు. ఒకటో తారీకు నుంచి ఫ్యాక్టరీలోకి పిల్లల్ని రానివ్వరట. అంటే పిన్ని ఆ రోజుకల్లా తెరవాలి, లేదా పన్నెండు మందీ పని మానుకోవాలి.

"కొత్త ప్లానూ అవీ ఎందుకు నాన్నా? కాగితాల్లో ఇల్లనే ఉంది కదా, ఇల్లనే ఉండనీ. పిల్లలొస్తారు, పోతారు. చుట్టాలనుకుంటారు."

"పన్నెండు మంది చుట్టాలు రోజూ పొద్దున ఎనిమిదికొచ్చి సాయంత్రం ఆరింటికి పోతారా? అలాంటి చుట్టాలు ఎవరికైనా ఉన్నారటే?"

"ఉంటే ఎంత బాగుండును. సాయంత్రానికి పోయేవాళ్లు" అంది వంటింట్లోంచి అమ్మమ్మ.

తాత ఇంటి ప్లానును బడి ప్లానుగా మార్చాడు. ముందు తలుపు ఊడదీయించి బయటికి తెరుచుకునేలా బిగించాడు. గడియలు పిల్లల చేతికందనంత పైకి జరిపించాడు. కాగితం పనికి మాత్రం ఒక్క పూటే పట్టింది. ఇనప్పెట్టెలోంచి ముప్పై ఒక్కేళ్ల కిందటి పాత ప్లాను తీశాడు. ఆ ప్లాను గీసిందీ ఆయనే. దాని మీద ట్రేసింగు కాగితం పరిచి, గోడలూ తలుపులూ ఉన్నవున్నట్టు ఎక్కించి, గదుల పేర్లు మార్చి సంతకం పెట్టాడు. దారులు రెండు, ముందొకటి, వెనకొకటి. ఆఫీసులో ఇచ్చొచ్చి, చేతులు దులుపుకుని, "చూశావా, రూలు తెలిసినవాడికి పనెంతసేపు" అన్నాడు. గురువారం తనిఖీకి వస్తామని కబురొచ్చింది.

సోమవారం నాడు అమ్మమ్మ ఉతికిన దుప్పట్లు బీరువాలో సర్దుతూ, బల్ల మీదున్న ప్లాను నకలు కేసి చూసింది. అమ్మమ్మ ప్లానును వేలితో చదువుతుంది. ముందు గుమ్మంలో వేలు పెట్టి, హాలు దాటి, నడిమి గది దాటి, వెనక గదిలోకొచ్చి ఆగింది.

"ఏమండీ, ఈ వెనక గదిలో తలుపేంటి?"

"వెనక తలుపు."

"ఏ వెనక తలుపు?"

"మన వెనక తలుపే. సందులోకి."

"ఎక్కడుందండీ?"

తాత చెయ్యి చాపి చూపించాడు. చూపుడువేలు తిన్నగా వెళ్లి బీరువా మధ్యలో అద్దానికి గురిపెట్టింది. అద్దంలోంచి ఇంకో తాత ఈయనకే వేలు చూపిస్తున్నాడు.

ఊరికంతా శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డ సామెత అమ్మమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. తాత మొహం చూసి మింగేసింది. ముప్పై తొమ్మిదేళ్ల కాపురంలో అమ్మమ్మ మింగేసిన సామెత అదొక్కటే అయ్యుంటుంది.

జరిగిందేమిటంటే, ఇల్లు కట్టినప్పుడు ఆ తలుపు నిజంగానే ప్లానులో ఉంది. గుమ్మం కూడా లేపారు. కానీ ఆ గదిలో తాత వాళ్లమ్మ మంచం ఉండేది. ఆవిడ అప్పటికే లేవలేని మనిషి. తలుపు చెక్కలు ఇంకా రాలేదు, వానాకాలం వచ్చేసింది, గాలి నేరుగా ఆవిడ వీపుకు కొట్టేది. "ఈ వానలు దాటేదాకా ఇటుకలు పేర్చి మూసేద్దాం" అన్నాడు తాత. వానలు దాటాయి. ఆవిడా దాటిపోయింది. ఖాళీ అయిన గోడకు బీరువా వచ్చింది. గోడ అక్కడే ఉండిపోయింది.

అయినా తాత బుర్రలో ఆ తలుపు మూతపడలేదు. ఆయనకు ఇల్లంటే కాగితం. ముప్పై ఒక్కేళ్లుగా ఆ బీరువాలోంచి పంచెలు తీసుకుంటూ కూడా, దాని వెనక తలుపుందనే అనుకుంటున్నాడు. కొలవకుండా గీత గీసిన కుర్రాళ్ల చేతి మీద స్కేలుతో కొట్టిన మనిషి, సొంతింటిని కొలవకుండా గీశాడు. ఊళ్లో మరొకడైతే ఆ తప్పు చేసేవాడు కాదు. ఇంట్లో తలుపుందో లేదో తెలుసుకోవడానికి వాడు కాగితం తీయడు, లేచి చూస్తాడు.

బుధవారం అమ్మమ్మ కూరగాయలకు వెళ్లే వేళ చూసి, తాత దొంగచాటుగా మేస్త్రీని పిలిపించాడు. మేస్త్రీ సందులో నిలబడి బయటినుంచి గోడ తట్టి, "పైన కప్పు బరువుంది మాస్టారూ. కొడితే ముందు ఆ బరువు మోసే కాంక్రీటు దూలం, లింటెల్ పోయాలి, అది ఆరాలి. పది రోజులు" అన్నాడు. పది రోజులంటే ఒకటో తారీకు దాటిపోతుంది.

పిన్ని సంగతి విని కాసేపు గోళ్లు కొరుక్కుంది. తర్వాత మెల్లగా అంది.

"నాన్నా, వచ్చేది నీ శిష్యురాలే కదా. నీ దగ్గర పెన్సిలు చెక్కడం నేర్చుకున్న మనిషి. నీ కాగితంలో తలుపుందంటే ఆవిడకు ఉన్నట్టే. బీరువా జరపమని అడగదు."

"అడగదు" అన్నాడు తాత. "అదే నా భయం."

ఆ రోజంతా ఆయన సుద్దముక్క పట్టుకోలేదు. ప్లాను కోసం వచ్చిన ఒకాయనను రేపు రమ్మన్నాడు. గురువారం పొద్దున్నే లేచి బీరువాను తోయడం మొదలుపెట్టాడు. అది కదలదు, ఈయన వదలడు. అమ్మమ్మ వచ్చి, ఎందుకని అడగకుండా రెండో పక్క పట్టుకుని లాగింది. బీరువా వెనక గోడ కొత్త గోడలా తెల్లగా ఉంది. తాత టేపు తీసి కొలిచి, దాని మీద సుద్దతో తలుపు గీశాడు.

ఇన్‌స్పెక్టరమ్మ పదింటికి స్కూటరు మీద వచ్చింది. "మాస్టారూ, మీరు దయచేసి కూర్చోండి. మీరలా వెనక నిలబడితే ఇప్పటికీ నా పెన్సిలు ముల్లు విరుగుతుంది" అంది. తాత కూర్చోలేదు. ఆవిడ హాలు కొలిచింది, కిటికీలు కొలిచింది, ముందు తలుపును తోసి చూసింది, గడియ అందుతుందేమోనని మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి చాపి చూసింది. నడిమి గదిలో టీ తాగుతూ ఫారం మీద వరసగా టిక్కులు పెట్టుకుపోయింది.

"ఇక వెనక తలుపు. మీరు గీసిందే కదా, చూసేదేముంది" అని పెన్ను ఆనించింది.

పిన్ని ఖాళీ కప్పు పట్టుకుని కదలకుండా నిలబడింది. తాత ఏమీ చేయనక్కర్లేదు. నోరు విప్పకపోతే చాలు. ఆ ఒక్క టిక్కుతో కూతురి పనీ గట్టెక్కుతుంది, పన్నెండు మంది తల్లుల పనీ గట్టెక్కుతుంది, ఆయన పరువూ ఉంటుంది. ఆయన అరచెయ్యి మాత్రం తనంతట తానే లేచి గాల్లో దేన్నో తోస్తున్నట్టు ఆగింది. బడి తలుపు గురించి చెప్పేటప్పుడు చూపించినట్టే, ముప్పై నాలుగేళ్లు అందరికీ చూపించినట్టే.

"అమ్మాయ్, చూడకుండా టిక్కు పెట్టడం నేను నేర్పానా?"

"లేదండీ."

"మరి లే."

వెనక గదిలో సుద్దతో గీసిన తలుపు చూసి ఆవిడ ముందు నవ్వింది, మాస్టారి చమత్కారమనుకుని. తర్వాత నవ్వు ఆపేసింది.

"ఇందులోంచి ఎలా వెళ్లాలి మాస్టారూ?"

"గోడలోంచే."

ఆవిడ ఫారం కేసి, తాత కేసి, పిన్ని కేసి మార్చి మార్చి చూసింది. "నేనీ రోజు రాలేదనుకుందాం. కుదరలేదని రాసి..."

"రాలేదా? మరి టీ తాగిందెవరు?" అన్నాడు తాత. "రాయి. నేను చెప్తాను. దాఖలు చేసిన ప్లానులో చూపిన వెనక తలుపు స్థలంలో లేదు. ఎప్పుడూ లేదు. గీసినవాడు కొలవలేదు."

"ఆఖరి ముక్క అక్కర్లేదండీ."

"సరే, అది నా కోసం ఉంచుకుంటాలే."

ఆవిడ రాసింది. అక్షరాలు తిన్నగానే ఉన్నాయి, తాత దగ్గర నేర్చుకున్నవి కదా. మళ్లీ మంగళవారం ఈ వైపు వస్తానని, ఆలోగా తలుపుంటే అక్కడే సంతకం చేస్తానని చెప్పి వెళ్లిపోయింది. ఆ మర్నాడు బుధవారమే ఒకటో తారీకు.

పిన్ని మధ్యాహ్నం అన్నాల దగ్గర కంచంలో చూస్తూ అంది.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు నాన్నా. నువ్వు రచ్చ గెలవడానికి ఇంట్లో నన్ను ఓడించావు."

తాత ముద్ద నోటిదాకా తెచ్చి దించేశాడు. ఏ చెవి ఎప్పుడు పనిచేయాలో తెలిసిన మనిషికి ఆ మాట రెండు చెవుల్లోనూ పడింది.

"ఇప్పుడేమైందని? మంగళవారానికి ఇంకా ఐదు రోజులుంది, కొట్టించండి" అంది అమ్మమ్మ.

"పది రోజులు పడుతుందన్నాడే మేస్త్రీ. లింటెల్ పోయాలట."

"మేస్త్రీ ఎప్పుడొచ్చాడు?"

తాత మజ్జిగ కలుపుకోవడంలో పడ్డాడు. అమ్మమ్మ ఆయన కేసి ఒక చూపు చూసి, చెయ్యి కడుక్కుని వచ్చింది.

"నన్నడగచ్చుగా. గుమ్మం లేపాకే కదండీ మూసింది. పైన లింటెల్ అప్పుడే పోశారు. మధ్యలోవి ఉత్త ఇటుకలు, సిమెంటు కూడా కాదు, మట్టి. వానలో తడుస్తూ ఆ మట్టి కలిపింది నేనే. అత్తయ్య మంచంలోంచి, నీళ్లెక్కువయ్యాయే పిల్లా అని కేకలేస్తూనే ఉంది. పైన సున్నం తర్వాత కొట్టించారు."

తాత లేచి పాత ప్లాను తీశాడు. గోడను నిలువునా కోసి చూపించే బొమ్మలో, తలుపు పైన లింటెల్ ఉంది. కానీ ఒకసారి కాగితాన్ని నమ్మి బోల్తా పడ్డవాడు ఇంకోసారి నమ్ముతాడా. వంటింట్లోంచి అట్లకాడ పట్టుకెళ్లి, సుద్దతలుపు పైన గోడను గీకాడు. సున్నం రాలింది. లోపల బూడిదరంగు కాంక్రీటు గట్టిగా తగిలింది. "ఉందే" అన్నాడు, పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చినవాడిలా. అమ్మమ్మ మాత్రం అట్లకాడ చూసి ఏడ్చినంత పని చేసింది.

మేస్త్రీకి మళ్లీ కబురు వెళ్లింది. కొత్త అనుమతి అక్కర్లేదు. ఆ తలుపుకు అనుమతి ముప్పై ఒక్కేళ్ల కిందటే వచ్చింది, రావాల్సింది తలుపే. శనివారం ఇటుకలు ఊడదీశారు. మట్టి పొడిపొడిగా రాలింది. ఒక ఇటుకకు అంటిన మట్టిలో నాలుగు వేళ్ల గుర్తులున్నాయి. తాత దాన్ని పక్కన పెట్టి, అమ్మమ్మ చేతిని లాగి, వేళ్లు ఆనించి చూశాడు. అప్పటికంటే వేళ్లు కొంచెం లావయ్యాయి. "ఇదీ కొలుస్తారా ఇక?" అంది అమ్మమ్మ. జేబులో చెయ్యి పెట్టబోయినవాడు తీసేశాడు.

ఆదివారం ద్వారబంధం, సోమవారం తలుపు. తాత దగ్గరుండి బిగించాడు, బయటికి తెరుచుకునేలా. గురువారం అలిగిన పిన్ని ఆ రోజే మొదటిసారి మళ్లీ "నాన్నా, టీ" అంది.

మంగళవారం సాయంత్రం ఇన్‌స్పెక్టరమ్మ వచ్చేసరికి ఇంటినిండా పిల్లలు. తాత పన్నెండు మంది తల్లులకూ కబురంపి, పని కాగానే పిల్లల్ని ఒక్క అరగంట పంపమన్నాడు. నడిమి గదిలో అందర్నీ కూర్చోబెట్టి, "నేను చప్పట్లు కొడితే వెనక తలుపులోంచి సందులోకి. ఎవరు ముందొస్తారో చూస్తా" అన్నాడు. చప్పట్లు కొట్టాడు. తలుపు భళ్లుమని తెరుచుకుంది. అందరూ సందులో పడ్డారు. ఒక బుడ్డోడు మాత్రం తిరిగొచ్చి ముందు గుమ్మంలోంచి వెళ్లాడు, చెప్పులు అక్కడున్నాయని. ఇన్‌స్పెక్టరమ్మ తలుపును అటూ ఇటూ ఊపి, టేపు వేసి కొలిచి, అప్పుడు టిక్కు పెట్టింది.

బుధవారం పొద్దున ఎనిమిదికి పన్నెండు జతల చిన్న చెప్పులు గుమ్మం ముందు వరసగా చేరాయి. బీరువా నడవాలోకి మారి అందరి మోచేతులకూ తగులుతోంది. తాత వెనక గదిలో, ఒకప్పుడు వాళ్లమ్మ మంచం ఉన్న చోట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, పిల్లలు తలుపుకు అడ్డంగా బొమ్మలు పెట్టకుండా కాపలా అట. సందులోంచి గాలి నేరుగా వచ్చి వీపుకు కొట్టింది. ఆయన కాసేపు అలాగే కూర్చున్నాడు.

"అత్తయ్య ఉంటే మూసేయమనేది" అంది అమ్మమ్మ గుమ్మంలోంచి.

"నిజమేనే. చల్లగానే ఉంది" అన్నాడు తాత.

లేచి, నడవాలో బీరువా తెరిచి శాలువా తెచ్చుకుని, వీపు నిండా కప్పుకుని మళ్లీ కూర్చున్నాడు. తలుపు మాత్రం వేయలేదు.